ఉద్యోగం చేస్తూనే సాయంత్రం థెరపీ ప్రాక్టీస్: హైదరాబాద్‌లో మొదలుపెట్టాలనుకునే థెరపిస్టులు తరచుగా అడిగే ప్రశ్నలు

భయం పూర్తిగా పోయాక మొదలుపెడితే మంచిది కదా?

క్లయింట్ ఇదే మాట అంటే మీరేం చెప్తారో మీకు తెలుసు. తప్పించుకున్న కొద్దీ భయం బలపడుతుంది. సొంత ప్రాక్టీస్ విషయంలోనూ అంతే. కాబట్టి క్లయింట్లతో వేయించే భయాల నిచ్చెన, అంటే తక్కువ భయపెట్టే పని నుంచి ఎక్కువ భయపెట్టేదాకా ఒక వరుస, మీరూ వేసుకోండి. సైకియాట్రిస్ట్ జోసెఫ్ వోల్పే వాడుకలోకి తెచ్చిన 0 నుంచి 100 భయం కొలత చాలు. ప్రాక్టీస్ పెడుతున్నానని తోటి ఉద్యోగికి చెప్పడం 20 కావచ్చు, గూగుల్‌లో మీ పేరుతో ప్రొఫైల్ పెట్టడం 40, ఫోన్లో ఫీజు అంకె పలకడం 60, బాకీ ఉన్న ఫీజు అడగడం 80. అందరికీ ఇదే వరుస ఉండదు. కొందరికి డబ్బు మాట తేలికే కానీ సైకియాట్రిస్ట్ దగ్గరికెళ్లి పరిచయం చేసుకోవాలంటే కాళ్లు వణుకుతాయి.

30–40 దగ్గరున్న మెట్టుతో మొదలుపెట్టండి. ఒక్కసారి చేసి పైకి వెళ్లిపోవద్దు. అదే పని విసుగొచ్చేదాకా చేయండి. ప్రతిసారీ ముందు ‘ఏం జరుగుతుందని భయపడుతున్నాను’ అన్నది ఒక వాక్యంలో రాయండి. అయ్యాక ఏం జరిగిందో దాని కిందే రాయండి.

ఎక్కువమంది బోల్తా పడేది మాత్రం వేరే చోట. ఫీజు చెప్పేస్తారు, అవతలివాళ్లు నోరు తెరిచేలోపే ‘పర్లేదండీ, మీకు వీలైనంత ఇవ్వండి’ అంటారు. అది దయ అనుకుంటారు కానీ, అప్పుడు జరిగింది తప్పించుకోవడం. ఆ తగ్గింపే తమను కాపాడిందని మెదడు నమ్ముతుంది, మరుసటి ఫోన్‌కి భయం 60 నుంచి 70కి పోతుంది. తక్కువ ఫీజుకి చూడాలనుకుంటే చూడండి. కాకపోతే ఆ నిర్ణయం ముందే కాగితం మీద ఉండాలి, ఫోన్లో పుట్టకూడదు.

‘నాకు అంత సత్తా లేదేమో’ అనిపిస్తోంది. ఇది ఇంపోస్టర్ భావనేనా, లేక నిజంగానే లేదా?

రెండూ కావచ్చు. ఇంపోస్టర్ భావన అంటే సత్తా ఉన్నా లేదనిపించడం. బాగా రాణిస్తున్న మహిళల్లో కూడా ఈ భావన ఉంటుందని క్లాన్స్, ఐమ్స్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1978లో రాశారు. అప్పటినుంచి ప్రతి సందేహానికీ ఆ పేరు తగిలించడం అలవాటైపోయింది. కొన్ని భయాలను వినాలి.

తేల్చుకోవడానికి ఒక పద్ధతి ఉంది. మీ దగ్గరికి రాగల సమస్యలు అయిదు రాయండి. పానిక్, పెళ్లైన కొత్తలో గొడవలు, ఇంటర్ పిల్లల పరీక్ష ఒత్తిడి, డిప్రెషన్, దుఃఖం అనుకుందాం. ఒక్కోదానికీ మొదటి సెషన్‌లో ఏం అడుగుతారు, తొలి నాలుగు సెషన్లలో ఏం చేస్తారు, ఏ లక్షణం కనపడితే సైకియాట్రిస్ట్‌కి పంపుతారు, ఈ మూడూ పుస్తకం చూడకుండా రాయండి. రాయగలిగినవాటి మీద భయం అలవాటు భయం, దాన్ని పట్టించుకోకుండా ముందుకెళ్లొచ్చు. రాయలేనివాటి మీద భయం మాత్రం మీకు సమాచారం ఇస్తోంది. వాటిని ఇప్పటికి తీసుకోకండి, లేదా సూపర్‌విజన్ (అనుభవమున్న థెరపిస్ట్‌తో మీ కేసులు చర్చించడం) పెట్టుకుని తీసుకోండి. నెలకు రెండు గంటల సూపర్‌విజన్‌కి అయ్యే డబ్బును గది అద్దెలాగే ఖర్చులో వేసుకోండి. ‘డబ్బులొచ్చాక పెట్టుకుందాం’ అనుకుంటే, దాని అవసరం ఎక్కువగా ఉండే తొలి ఏడాది అది లేకుండానే గడిచిపోతుంది.

బోర్డు మీద ఏమని రాసుకోవచ్చు?

క్లినికల్ సైకాలజిస్ట్ అని రాయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కోర్సు చేసి, దాని సెంట్రల్ రిజిస్టర్‌లో పేరుండాలి. ఎమ్మెస్సీ సైకాలజీ మాత్రమే ఉంటే ఆ మాట వాడకూడదు. కౌన్సెలింగ్ సైకాలజిస్ట్, కౌన్సెలర్ లాంటి వృత్తులు 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం కిందికి వస్తాయి. ఆ రిజిస్ట్రేషన్ ఎక్కడిదాకా వచ్చిందో మొదలుపెట్టే రోజున ఒకసారి చూసుకోండి. పీహెచ్‌డీ లేకుండా పేరు ముందు ‘డా.’ పెట్టుకోవద్దు. పీహెచ్‌డీ ఉన్నా మందులు రాసే డాక్టర్ కాదని క్లయింట్‌కి మొదటిరోజే చెప్పండి. మనవైపు ‘డాక్టర్ గారు’ అనేశాక మాత్రలు కూడా మీరే ఇస్తారనుకుంటారు.

ఇప్పుడున్న హాస్పిటల్‌కి, స్కూల్‌కి చెప్పాలా?

ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. ‘ఉద్యోగంలో ఉండగా మరో వృత్తి చేయరాదు’ అన్న వాక్యం చాలావాటిలో ఉంటుంది. అది ఉంటే రాతపూర్వకంగా అనుమతి అడగాలి. ప్రభుత్వోద్యోగులకైతే ముందస్తు అనుమతి తప్పదు. ఉద్యోగం మానేశాక పోటీ ప్రాక్టీస్ పెట్టకూడదనే షరతులు 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలబడవు. ఉద్యోగంలో ఉన్నంతకాలం వర్తించే షరతులు వేరు, అవి సాధారణంగా నిలబడతాయి.

అనుమతి ఉన్నా సరే, హాస్పిటల్‌లో చూసే క్లయింట్‌ని ‘సాయంత్రం నా దగ్గరికి రండి, ఫీజు తక్కువవుతుంది’ అని పిలవకండి. చట్టం సంగతి అలా ఉంచితే, క్లయింట్‌కి మీమీద నమ్మకం మొదట చెడేది అక్కడే.

గది ఎక్కడ తీసుకోవాలి? ఇంట్లో పెట్టుకోవచ్చా?

అడ్వాన్స్ కట్టి ఆఫీస్ అద్దెకు తీసుకోవద్దు, తొలి ఏడాదైతే అసలు వద్దు. ఏదైనా పాలీక్లినిక్‌లో, వేరే థెరపిస్ట్ క్లినిక్‌లో గంటల లెక్కన గది అడగండి. అమీర్‌పేటలో మెట్రో రెడ్ లైన్, బ్లూ లైన్ కలుస్తాయి కాబట్టి అటు మియాపూర్ నుంచి, ఇటు దిల్‌సుఖ్‌నగర్, నాగోల్ వైపు నుంచి వచ్చేవాళ్లకి అనుకూలం. మాదాపూర్, గచ్చిబౌలిలో గిరాకీ ఉంటుంది కానీ సాయంత్రం ఆరున్నర సెషన్‌కి క్లయింట్ ఏడింటికి వస్తాడు. అక్కడ ఉదయం ఎనిమిది గంటల సెషన్లే నయం.

గదిని చూడ్డానికి వెళ్లినప్పుడు ఒకరిని లోపల మామూలు గొంతుతో మాట్లాడమని, మీరు తలుపు వేసి బయట నిలబడండి. మాటలు వినిపిస్తున్నాయంటే తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ వేయించవచ్చు, బయట పెడెస్టల్ ఫ్యాన్ పెట్టవచ్చు. చెక్క పార్టిషన్ అయితే మాత్రం ఏం చేసినా లాభం లేదు, వేరే గది చూడండి. క్యాన్సిల్ అయిన గంటకు అద్దె కట్టాలా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా, రిసెప్షన్‌లో క్లయింట్ పేరు గట్టిగా పిలుస్తారా అన్నవి ముందే అడగండి.

ఇంట్లో అంటే, గేటెడ్ కమ్యూనిటీల్లో సెక్యూరిటీ యాప్ వచ్చినవాళ్ల పేరు, ఫోన్ నంబరు, ఏ ఫ్లాట్‌కి వచ్చారో నమోదు చేస్తుంది. వాచ్‌మన్‌కి, అసోసియేషన్‌కి, మీ అత్తగారికి, అందరికీ మీ క్లయింట్ల జాబితా తెలిసిపోయినట్టే. విడిగా దారి ఉన్న కింది గది ఉంటే తప్ప ఇల్లు వద్దు. ఆన్‌లైన్ సెషన్లకైతే ఇల్లు సరిపోతుంది.

వారానికి ఎన్ని సెషన్లు? ఫీజు ఎంత పెట్టాలి?

ఈ రెండూ ఒకే లెక్కలో తేలతాయి. కింద ఉన్నవి ఉదాహరణ అంకెలే, వాటి స్థానంలో మీవి వేసుకోండి.

వారానికి మూడు సాయంత్రాలు, రోజుకి రెండు సెషన్లు. నెలకు 24. నాలుగు రద్దయ్యాయనుకుంటే జరిగేవి 20. ఫీజు 1,200 అయితే వచ్చేది 24,000. గది గంటకు 250 చొప్పున, రద్దయినవాటికి కూడా కట్టాలి కాబట్టి 6,000. సూపర్‌విజన్ రెండు గంటలకు 3,000. ఫోను, నెట్, ఫారాలు 1,000. రాకపోకలు 2,000. ఖర్చు 12,000 పోగా చేతికి 12,000.

ఇప్పుడు గంటలు లెక్కపెట్టండి. 50 నిమిషాల సెషన్లు 20 అంటే సుమారు 17 గంటలు. నోట్స్ ఒక్కోదానికి పావుగంట, మొత్తం 5. పన్నెండు సాయంత్రాల ప్రయాణం 12. సూపర్‌విజన్ 2, ఫోన్లు 4. మొత్తం 40 గంటలు. గంటకు 300 పడింది. అదే ‘కొత్తగా పెట్టాం కదా’ అని ఫీజు 800 చేస్తే వచ్చేది 16,000, మిగిలేది 4,000, గంటకు 100.

మూడింట్లో రెండు సాయంత్రాలు ఆన్‌లైన్‌కి మారిస్తే గది అద్దె 2,000కి, ప్రయాణం ఖర్చు 700కి దిగుతాయి, ఎనిమిది గంటలు మిగులుతాయి. 1,200 ఫీజుకే గంటకు 540 వస్తుంది. అంటే ఫీజు పెంచకముందే ప్రయాణం తగ్గించే దారి చూసుకోవాలి. చాలామంది ఈ లెక్క వేయరు. ఆర్నెల్లకి ఒళ్లు హూనమయ్యాక ‘నాకు బిజినెస్ చేతకాదు’ అనుకుంటారు.

పూర్తి ఉద్యోగంతో పాటు వారానికి ఆరు సెషన్లు దాటొద్దని మా సలహా. ఎనిమిది గంటలు క్లయింట్లను చూసి వచ్చి మళ్లీ మూడు సెషన్లు చేస్తే, మూడోవాళ్లు కట్టిన డబ్బుకి సగం థెరపిస్టే దొరుకుతారు.

ఫీజు చెప్పేటప్పుడు గొంతు పెగలట్లేదు.

వాక్యం ముందే రాసి ఫోన్ పక్కన పెట్టుకోండి: ‘సెషన్ 50 నిమిషాలండీ, ఫీజు 1,200. ముందురోజు యూపీఐలో పంపితే టైమ్ ఖాయమవుతుంది.’ చెప్పి ఆగండి. ఆ మౌనాన్ని మీరు పూరించొద్దు, అవతలివాళ్లకి ఆలోచించుకునే టైమ్ అది. ‘కొంచెం చూస్కోండి మేడమ్’ అంటే కోపం తెచ్చుకోనక్కర్లేదు, ఆటో దగ్గరా అలాగే అడుగుతాం. తక్కువ ఫీజుకి రెండు స్లాట్లు పెట్టుకుని, ఖాళీ ఉంటే ఇవ్వండి. లేకపోతే ‘ప్రస్తుతం అవి నిండాయండీ, ప్రభుత్వ టెలిమానస్ 14416కి చేస్తే ఉచితంగా మాట్లాడతారు’ అని చెప్పండి. ఊరికే కాదనకుండా ఒక దారి చూపించినట్టవుతుంది, మీకూ గుండెలో ముల్లు ఉండదు.

రాకుండా ఎగ్గొడితే?

24 గంటల ముందు చెప్తే ఫీజు లేదు, తర్వాత చెప్తే సగం, చెప్పకుండా మానేస్తే పూర్తి. మొదటిసారి వదిలేయండి, కానీ వదిలేస్తున్నట్టు చెప్పి వదిలేయండి. ఈ నియమం మొదటి సెషన్ సమ్మతి పత్రంలో తెలుగులో ఉండాలి. ఇంగ్లిష్‌లో నాలుగు పేజీలిస్తే సంతకం పెడతారు కానీ చదవరు.

మొదటి క్లయింట్లు ఎక్కడినుంచి వస్తారు? ఇన్‌స్టాలో రీల్స్ చేయాలా?

రీల్స్ చూసి లైకులు పెట్టేవాళ్లు వేరు, ఫీజు కట్టి వచ్చేవాళ్లు వేరు. చేయాలనిపిస్తే చేయండి, మొదటి మెట్టు మాత్రం అది కాదు.

మీ గదికి దగ్గర్లో ఉన్న పదిమంది డాక్టర్ల జాబితా రాయండి. సైకియాట్రిస్టులు ముందు. తర్వాత నిద్రపట్టక, గుండెదడతో వచ్చేవాళ్లను రోజూ చూసే జనరల్ ఫిజీషియన్లు, గైనకాలజిస్టులు. ఓపీ ముగిసే వేళకి వెళ్లి అయిదు నిమిషాలు అడగండి. చేతిలో ఒకటే కాగితం ఉండాలి: మీ చదువు, ఏ సమస్యలు చూస్తారు, ఏవి చూడరు, ఏ భాషల్లో, ఏ రోజుల్లో, ఫీజు ఎంత. ‘ఏవి చూడరు’ అన్న వరుస చూసి డాక్టర్లకు నమ్మకం కుదురుతుంది. వాళ్లు పంపిన మనిషి వచ్చాక, క్లయింట్ ఒప్పుకుంటే, నాలుగు వాక్యాల చీటీ తిరిగి పంపండి. ఆ చీటీ పంపే థెరపిస్టులు తక్కువ కాబట్టి మీ పేరు గుర్తుంటుంది. పంపినందుకు కమిషన్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ వద్దు.

తెలుగులో థెరపీ చేస్తానని స్పష్టంగా రాయండి, ఉర్దూ వస్తే అదీ రాయండి. ఆఫీసులో రోజంతా ఇంగ్లిష్ మాట్లాడే మనిషి కూడా అమ్మతో గొడవ గురించి చెప్పేటప్పుడు తెలుగులోకే వస్తాడు. గూగుల్ ప్రొఫైల్‌లో క్లయింట్లను రివ్యూ రాయమని అడగొద్దు. వాళ్ల పేరు బయటపడుతుంది, పైగా మీకు కాదనలేక రాస్తారు.

క్లయింట్ చనిపోవాలనుందని చెప్తే? ఇదే నా అసలు భయం.

ఉండాల్సిన భయమే. పోగొట్టుకోవద్దు, ఏర్పాటు చేసుకోండి. హాస్పిటల్‌లో అయితే పక్క గదిలో సైకియాట్రిస్ట్ ఉంటారు, సాయంత్రం గదిలో మీరొక్కరే. కాబట్టి మొదటి క్లయింట్ రాకముందే ఇవి సిద్ధంగా ఉండాలి.

నమోదు ఫారంలో అత్యవసరానికి ఒక మనిషి పేరు, ఫోన్, ఏ పరిస్థితిలో మీరు ఫోన్ చేస్తారో రాసి సంతకం తీసుకోండి. ఆన్‌లైన్ క్లయింట్‌ని ప్రతి సెషన్ మొదట్లో ‘ఇప్పుడు ఎక్కడున్నారు, అడ్రస్ చెప్పండి’ అని అడగండి. హైదరాబాద్‌లో ఉన్నారనుకున్న మనిషి ఆరోజు వరంగల్‌లో పుట్టింట్లో ఉండొచ్చు. డిప్రెషన్‌ని కొలిచే తొమ్మిది ప్రశ్నల ఫారం పీహెచ్‌క్యూ-9 ఇచ్చాక మొత్తం స్కోరు మాత్రమే కాక, చనిపోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు జవాబు విడిగా చూడండి. మొత్తం 6 వచ్చినా తొమ్మిదోదానికి 1 ఉంటే ఆరోజే అడగాలి. నేరుగా అడగండి: ‘చనిపోవాలన్న ఆలోచన వస్తోందా? ఎలా అని ఆలోచించారా? అది చేతికి అందేలా ఉందా?’ అడిగితే ఆలోచన పుడుతుందన్నది అపోహ.

ఆలోచన ఉంది, పథకం లేదంటే: కలిసి కూర్చుని రక్షణ ప్రణాళిక రాయండి. ముందుగా కనిపించే సంకేతాలు, ఒంటరిగా చేయగలిగినవి, ఫోన్ చేయగల మనుషులు, హెల్ప్‌లైన్, ఇంట్లోంచి తీసేయాల్సిన మాత్రలు, పురుగుమందు. ఫోటో తీసి క్లయింట్ ఫోన్లో ఉంచండి. 48 గంటల్లోపు మళ్లీ మాట్లాడే టైమ్ పెట్టండి. పథకం, సాధనం రెండూ ఉంటే ఒంటరిగా పంపొద్దు. ఇంటివాళ్లను పిలిచి, సైకియాట్రిక్ ఎమర్జెన్సీకి వెళ్లేదాకా కూర్చోండి. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థ ప్రభుత్వానిది. దానికి తోడు మీ గదికి దగ్గర్లో రాత్రిపూట సైకియాట్రిస్ట్ అందుబాటులో ఉండే హాస్పిటల్ ఏదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఇప్పటికే ఏదైనా మింగేసి ఉంటే ఎర్రగడ్డ కాదు, 108కి ఫోన్ చేసి గాంధీ, ఉస్మానియా లాంటి క్యాజువాలిటీ ఉన్న హాస్పిటల్‌కి.

‘పోలీస్ కేసవుతుంది’ అని ఇంటివాళ్లు దాచబోతారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు. ఈ మాట వాళ్లకి తెలుగులో రెండు వాక్యాల్లో చెప్పగలిగేలా ఉండండి.

రాత్రి పదింటికి వాట్సాప్‌లో మెసేజ్ వస్తే? ‘ఈ నంబరు అత్యవసరానికి కాదు, 14416కి గానీ 112కి గానీ చేయండి’ అని వాట్సాప్ బిజినెస్‌లో ఆటోమేటిక్ జవాబు పెట్టండి. సొంత నంబరు ఇవ్వకండి, రెండో సిమ్ తీసుకోండి.

రహస్యం, రికార్డులు?

నోట్స్ వాట్సాప్‌లో, ఇంట్లో అందరూ వాడే ల్యాప్‌టాప్‌లో వద్దు. నోట్‌బుక్‌లో అయితే పేరు బదులు కోడ్, కోడ్‌ల జాబితా వేరే తాళంలో. గూగుల్ క్యాలెండర్‌లోనూ ఇనిషియల్సే. క్లయింట్ల వివరాలు డిజిటల్‌గా దాస్తే దశలవారీగా అమల్లోకి వస్తున్న 2023 డేటా రక్షణ చట్టం మీకూ వర్తిస్తుంది, కాబట్టి ఏం దాస్తున్నారో సమ్మతి పత్రంలో రాయండి.

పద్దెనిమిదేళ్లలోపు పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే రహస్యం అన్న మాట లేదు. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. ఈ మినహాయింపు పిల్లలకి, తల్లిదండ్రులకి మొదటి సెషన్‌లోనే చెప్పండి. అప్పుడు చెప్పకపోతే, తర్వాత మీరు ఫిర్యాదు చేసినరోజు ఆ పిల్లకి మీరు మోసం చేసినట్టే ఉంటుంది. నగరంలో మహిళలు, పిల్లల సాయం కోసం పోలీసు శాఖ నడిపే భరోసా కేంద్రం ఉంది, పోలీస్ స్టేషన్ అంటే బెదిరే కుటుంబాలకు ఆ దారి చూపించండి.

పన్నులు, రిజిస్ట్రేషన్లు?

మొదట్లో సొంత పేరుమీద చేస్తే చాలు, కంపెనీ అక్కర్లేదు. విడిగా ఒక బ్యాంకు ఖాతా, వరుస నంబర్లతో రసీదు పుస్తకం. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బు అడిగే వెబ్‌సైట్ అసలుది కాదు. సేవలకు తెలంగాణలో ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు.

జీతంతో పాటు ఈ ఆదాయం కూడా రిటర్న్‌లో చూపాలి, అందుకు ఐటీఆర్-1 పనికిరాదు. కోతలన్నీ పోగా కట్టాల్సిన పన్ను ఏడాదికి 10,000 లేదా అంతకుమించి తేలితే అడ్వాన్స్ ట్యాక్స్ ఉంటుంది: జూన్ 15, సెప్టెంబర్ 15, డిసెంబర్ 15, మార్చి 15. మీ పని సగం రాబడిని లాభంగా చూపే పద్ధతి కిందికి వస్తుందో లేదో ఒక సీఏని అడగండి. ఈ ఆదాయం ఆఫీసులో చెప్తే పన్ను జీతంలోంచే కోసేస్తారు, పని తేలిక. కాకపోతే ఆఫీసుకి అనుమతి సంగతి అంతకుముందే తేలి ఉండాలి.

ఉద్యోగం ఎప్పుడు మానేయొచ్చు?

ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండి, వరుసగా ఆరు నెలలు ప్రాక్టీస్ మిగులు మీ జీతంలో సగం దాటితే ఆలోచించండి. ఏప్రిల్, మే నెలలు ఆ ఆరింట్లో ఉండాలి. సెలవులకి ఊళ్లకి వెళ్లిపోయి సెషన్లు పడిపోతాయి. కొందరు ఎప్పటికీ మానరు, ఉద్యోగంలో పీఎఫ్, ఆరోగ్య బీమా, తోటివాళ్లు ఉంటారు. అదీ సరైన నిర్ణయమే.

అపార్ట్‌మెంట్‌లో తెలిసినవాళ్లు, చుట్టాలు వస్తామంటున్నారు. కాదంటే ఏమనుకుంటారో?

తీసుకోకండి. పెళ్లిళ్లలో, లిఫ్టులో ఎదురుపడే మనిషి రహస్యం మీ దగ్గర ఉంటే ఇద్దరికీ ఇబ్బందే. ‘పిన్నీ, మనవాళ్లని చూడకూడదని మా వృత్తిలో నియమం. మంచి మనిషి నంబరు ఇస్తాను, నా పేరు చెప్పు’ అంటే ఎవరూ నొచ్చుకోరు. అందుకోసం ఇద్దరు ముగ్గురు థెరపిస్టుల నంబర్లు దగ్గర పెట్టుకోండి. వాళ్ల చుట్టాలు మీ దగ్గరికి వస్తారు.